నీలం అని ఇచ్చారు, కయనైట్ అంటున్నారు. రెండూ మినరల్సే కదా, తేడా ఏంటి?

కాజీపేట_జంక్షన్ | శనివారం, రాత్రి 9:40
అందరికీ నమస్తే. మా బాపుకు ఏలినాటి శని నడుస్తున్నదని ఎవరో చెప్తే, పోయిన నెల వరంగల్‌లో ఒక షాపులో నీలం రాయి కొన్నాం. దాదాపు ఎనిమిది రత్తీలు. ధర చెప్పను, చెప్తే మీరు నన్నే తిడతారు. వెండి ఉంగరంలో పెట్టించుదామని అవుసలాయన దగ్గరికి పోతే, ఆయన భూతద్దం పెట్టి చూసి "ఇది నీలం కాదు బిడ్డా, లోపల పొడుగు గీతలున్నయి చూడు, కయనైట్ లాగున్నది" అన్నాడు. తిరిగి షాపుకు పోయి అడిగితే "కయనైట్ కూడా నీలంలో ఒక రకమే, గాజు కాదు, రెండూ భూమిలో దొరికే మినరల్సే" అని దబాయిస్తున్నాడు.

గాజు కాదు సరే. అది కూడా నిజంగా ఖనిజమే అయితే తేడా ఎక్కడుంది? ఇంట్లో తేల్చుకునే దారి ఏమన్నా ఉందా? అప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర పడతలేదు. బాపుకు ఇంకా చెప్పలేదు.

నిర్వాహకుడు | శనివారం, రాత్రి 9:58
షాపు పేరు, బజారు పేరు తీసేశాను. చర్చ రాయి మీద నడవనీయండి.

నవగ్రహ_భక్త | శనివారం, రాత్రి 10:15
చాలా సులువు తమ్ముడూ. గిన్నెలో ఆవు పాలు పోసి రాయి వెయ్యండి. అసలైన ఇంద్రనీలం అయితే పాలు నీలంగా కనబడతాయి. పెద్దలు చెప్పిన పరీక్ష.

కాజీపేట_జంక్షన్ | శనివారం, రాత్రి 10:50
వేసి చూశాను. పాలు పాలలాగే ఉన్నాయి. ట్యూబ్‌లైట్ కింద అంచున కొంచెం నీలంగా అనిపించింది గానీ, నా బనియన్ కూడా నీలమే. ఆ పాలతో అమ్మ చాయ్ పెట్టింది.

రాళ్లసారు | ఆదివారం, ఉదయం 6:20
హన్మకొండ నుంచి. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జియాలజీ చెప్పి రిటైరైన వాణ్ణి. ఏకశిలా నగరంలో ఉండి రాయి దగ్గర మోసపోతే ఎట్లా తమ్మీ.

షాపాయన మాటలో సగం నిజముంది, చిక్కంతా అక్కడే. రెండూ ఖనిజాలే. ఆవూ మేకా రెండూ పశువులే. మేకను ఇచ్చి ఆవు ధర తీసుకుంటే ఊరుకుంటామా?

ఖనిజం అంటే తవ్వి తీసేది అని మన మాటకు అర్థం. శాస్త్రంలో అర్థం ఇంకా ఇరుకు. ప్రకృతిలో దానంతట అది ఏర్పడాలి, గట్టి పదార్థమై ఉండాలి, ఏ మూలకం ఎంత పాలు అనే లెక్క ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, లోపల పరమాణువులు ఒక పద్ధతిలో పేర్చి ఉండాలి. కొత్తవాడ జంపఖానాలో ఒకే బుటా వరుసగా తిరిగి తిరిగి వస్తుంది చూడు, అట్లా. గాజులో ఆ నేత ఉండదు, అందుకే గాజు ఖనిజం కాదు. ఈ లెక్కలో ఇప్పటిదాకా గుర్తించిన ఖనిజాలు సుమారు 6,000.

ఇన్నిటిని జాతులుగా విడదీసేది రంగును బట్టి కాదు. మన నవరత్నాలనే తీసుకో. వజ్రం ఒట్టి కార్బన్, ఒకే మూలకం. కెంపు, నీలం రెండూ ఒకే ఖనిజం, కొరండం. అల్యూమినియం, ఆక్సిజన్ తప్ప ఇంకేమీ లేదు, కాబట్టి ఆక్సైడ్ జాతి. (కొరండం అనే పేరే మన దక్షిణాది కురువిందం, కురుందం మాటల నుంచి పోయింది.) కొంచెం క్రోమియం కలిస్తే ఎర్రగా కెంపు, ఇనుము, టైటానియం కలిస్తే నీలం. వైడూర్యం కూడా ఆక్సైడే. పచ్చ, గోమేదికం మాత్రం సిలికేట్లు. పుష్యరాగం అని టోపజ్ ఇస్తే సిలికేట్, పసుపు కొరండం ఇస్తే ఆక్సైడ్. ఒకే పేరు మీద రెండు జాతులు అమ్ముడవుతున్నాయన్నమాట. ముత్యం, పగడం ప్రాణులు కట్టుకున్న సున్నం, అంటే కార్బనేట్. తొమ్మిది రత్నాల్లో నాలుగు జాతులు తేలాయి.

ఇప్పుడు కయనైట్ సంగతి. రెండు పాళ్లు అల్యూమినియం, ఒక పాలు సిలికాన్, ఐదు పాళ్లు ఆక్సిజన్. సిలికాన్ వచ్చి చేరింది కాబట్టి సిలికేట్ జాతి. నీలంతో దానికి చుట్టరికం రంగులోనే. విచిత్రమేమిటంటే ఆ రంగు మటుకు ఇద్దరికీ దాదాపు ఒకే కారణం వల్ల వస్తుంది. పక్కపక్కన చిక్కిన ఇనుము, టైటానియం పరమాణువుల మధ్య ఎలక్ట్రాన్ అటూ ఇటూ దూకుతూ వెలుతురులో ఎరుపు, పసుపు భాగాన్ని మింగేస్తుంది. మిగిలేది నీలం.

అవుసలి_బిడ్డ | ఆదివారం, ఉదయం 7:05
జనగామ నుంచి. సారు జాతులు చెప్పారు, నేను తూకం చెప్తాను. మా నాయిన నేర్పింది ఇదే.

0.01 గ్రాము దాకా చూపించే డిజిటల్ కాంటా కావాలి. ముందు రాయిని మామూలుగా తూచి రాసుకోండి. తర్వాత కాంటా మీద గ్లాసుతో నీళ్లు పెట్టి సున్నా చేయండి. రాయికి సన్న దారం కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి, అడుగుకు గానీ అంచుకు గానీ తగలొద్దు. బుడగలు అంటుకుంటే తట్టి వదిలించండి. అప్పుడు కాంటా ఎంత చూపిస్తే, మొదటి బరువును దాంతో భాగించండి. 4 వస్తే నీలం. 3.6 దగ్గర వస్తే అవుసలాయన మాటే నిజం. 2.5 వస్తే గాజేమోనని అనుమానించాలి.

క్వారీ_తమ్ముడు | ఆదివారం, ఉదయం 9:30
ఇంత లెక్క ఎందుకు అక్కా, కత్తితో గీసి చూస్తే పోలే? గీత పడితే నకిలీ.

అవుసలి_బిడ్డ | ఆదివారం, ఉదయం 9:41
వద్దు!! తేలేదాకా అది ఆయన సొమ్ము. గీత పడ్డాక షాపాయన అసలు తీసుకోడు. నువ్వు క్వారీలో గీసుకో తమ్ముడూ.

రాళ్లసారు | ఆదివారం, ఉదయం 10:10
అక్క చెప్పింది కరెక్టు. అయితే క్వారీ తమ్ముడి కత్తి మాటలో ఒక తమాషా దాగుంది. కయనైట్‌ను పొడుగు దిక్కున గీస్తే కాఠిన్యం (గీతకు లొంగని గుణం, వజ్రానికి 10 అనే లెక్కలో) 4.5 నుంచి 5, కత్తికి లొంగుతుంది. అడ్డంగా గీస్తే 6.5 నుంచి 7, కత్తి జారిపోతుంది. ఒకే రాయి, రెండు బలాలు. అందుకే 1801లో హాయీ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీనికి గ్రీకులో "రెండు బలాలు" అని అర్థం వచ్చేలా డిస్థీన్ అని పేరు పెట్టాడు. అంతకు ముందే, 1789లో జర్మనీలో వెర్నర్ పెట్టిన కయనైట్ పేరే నిలిచింది. అది నీలి రంగును సూచించే గ్రీకు మాట నుంచి వచ్చింది. నన్నడిగితే హాయీ పేరే నయం. రంగు మారుతుంది, తెల్ల కయనైట్, ఆకుపచ్చ కయనైట్, మాంగనీసు కలిసిన నారింజ కయనైట్ కూడా ఉన్నాయి. ఆ రెండు బలాలు మాత్రం అన్నింట్లోనూ ఉంటాయి.

మామూలు కొరండానికి ఈ గొడవ లేదు, ఎటు గీసినా 9 దగ్గరే.

కాజీపేట_జంక్షన్ | ఆదివారం, మధ్యాహ్నం 1:15
కాంటా మా బావ మందుల షాపు నుంచి తెచ్చాను. గాలిలో 1.44. నీళ్లలో వేలాడదీస్తే 0.40. మూడుసార్లు చేశాను, ఒకసారి 0.41 వచ్చింది. 1.44ను 0.40తో భాగిస్తే 3.6.

అయిపోయింది కదా?

రాళ్లసారు | ఆదివారం, మధ్యాహ్నం 2:00
నీలం మాత్రం కాదు. నీలమైతే 0.36 చూపించాలి. కానీ తొందరపడకు, స్పినెల్ అనే ఇంకో ఖనిజం సాంద్రత కూడా 3.6 దగ్గరే. ఫ్యాక్టరీలో చేసిన నీలి స్పినెల్‌ను నీలం పేరుతో అమ్మడం పాత అలవాటు. పోలరైజ్డ్ చలువ అద్దాలు ఉంటే, రాయి వెనక తెల్ల కాగితం పెట్టి, అద్దం గుండా చూస్తూ అద్దాన్ని మెల్లగా తిప్పు. రాయిని రెండు మూడు వైపుల నుంచి చూడు. స్పినెల్ రంగు మారదు. కయనైట్ అయితే ఒక దిక్కున ముదురు నీలం, ఇంకో దిక్కున వెలిసిపోయినట్టు కనబడుతుంది.

కాజీపేట_జంక్షన్ | ఆదివారం, మధ్యాహ్నం 2:35
మారుతోంది సారూ. ఒకవైపు తిప్పితే ఉజాలా నీళ్లలాగా పలచబడుతోంది. కయనైటే.

ఓసీ3_షిఫ్ట్ | ఆదివారం, సాయంత్రం 5:50
భూపాలపల్లి నుంచి. ఇరవై ఏళ్లుగా బొగ్గు తీస్తున్నాం. మా కాగితాల నిండా మినరల్ అనే ఉంటుంది. సారు లెక్కలో బొగ్గుకు చోటే లేదే?

రాళ్లసారు | ఆదివారం, సాయంత్రం 6:30
లేదు తమ్మీ. కోపం తెచ్చుకోవద్దు. 1957 నాటి గనుల చట్టానికి బొగ్గు ఖనిజమే, ఇసుక కూడా ఖనిజమే, అదీ "చిన్న తరహా ఖనిజం". చట్టానికి కావలసింది రాయల్టీ. మా లెక్కలో మాత్రం బొగ్గు శిల. చెట్లు చేమలు మగ్గి గట్టిపడ్డది, దానికి ఒక ఫార్ములా లేదు, లోపల నేత లేదు. కాలిస్తే మిగిలే బూడిద ఉంది చూడు, అందులో ఎక్కువ భాగం బొగ్గులో చిక్కిన మట్టి, ఇసుకల నుంచి వచ్చింది. ఆ మట్టీ ఇసుకా అసలైన ఖనిజాలు. అంటే మీరు ఖనిజాలు తీస్తూనే ఉన్నారు, కొనేవాడు తిట్టుకునే భాగం అది.

ఓసీ3_షిఫ్ట్ | ఆదివారం, సాయంత్రం 6:42
😂 రేపు షిఫ్ట్‌లో చెప్తా. మరి మినరల్ వాటర్?

రాళ్లసారు | ఆదివారం, సాయంత్రం 6:50
నీళ్లు ఖనిజం కాదు. మంచుగడ్డ ఖనిజం. మీ ఫ్రిజ్‌లో చేసింది కాదు, హిమాలయాల్లో దానంతట అది గడ్డకట్టింది. ఇక దీన్ని ఇక్కడితో వదిలేద్దాం, లేకపోతే పశువుల దాణాలో కలిపే మినరల్ మిక్చర్ దాకా పోతాం.

డిగ్రీ_ఫస్టియర్ | ఆదివారం, రాత్రి 8:20
సర్, మాది ములుగు. మా నోట్సులో కయనైట్, ఆండలుసైట్, సిల్లిమనైట్ మూడింటికీ ఒకే ఫార్ములా ఉంది. ప్రింటింగ్ తప్పేమో అనుకున్నాను. ఫార్ములా ఒకటే అయినప్పుడు మూడు ఖనిజాలు ఎలా అవుతాయి? కెంపు, నీలం రంగు వేరైనా ఒకటే ఖనిజం అన్నారు కదా పైన.

రాళ్లసారు | ఆదివారం, రాత్రి 9:00
ప్రింటింగ్ తప్పు కాదమ్మా. క్లాసులో నేను ముప్పై ఏళ్లు ఎదురు చూసిన ప్రశ్న ఇది, ఏడాదికి ఒక్కరు అడిగితే గొప్ప.

మొదట సిలికేట్లంటే ఏమిటో చూద్దాం. నేల మీద మూడు రాళ్లు దగ్గరగా పెట్టి, పైన నాలుగోది నిలబెట్టు. ఆ నాలుగూ ఆక్సిజన్లు. మధ్యలో మిగిలిన చిన్న సందులో కూర్చున్నది సిలికాన్. ఈ కట్టే అన్ని సిలికేట్లకూ ఇటుక లాంటిది. భూమి పైపొరలో తొంభై శాతానికి పైగా ఈ ఇటుకలతో కట్టిన ఖనిజాలే. ఇటుకలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసుగా నిలబడితే పైరాక్సీన్, రామప్ప గుడి నల్ల డోలరైట్ శిల్పాల్లో ఉంటుంది. పరుపులాగా పరుచుకుంటే అభ్రకం, అందుకే పొరలు పొరలుగా లేస్తుంది. నాలుగు దిక్కులా పట్టుకుంటే ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్. ఇటుకలు ఒకదాన్నొకటి తాకకుండా విడివిడిగా ఉంటే గార్నెట్, జిర్కాన్, టోపజ్. నువ్వడిగిన మూడూ ఈ చివరి గుంపులోవే.

విడిగా ఉన్న ఇటుకల మధ్య సందుల్లో అల్యూమినియం కూర్చుంటుంది. తేడా అంతా అది కూర్చునే తీరులో ఉంది. ఈ మూడు ఖనిజాల్లోనూ సగం అల్యూమినియం చుట్టూ ఆరేసి ఆక్సిజన్లుంటాయి. మిగతా సగం సిల్లిమనైట్‌లో నాలుగింటితో, ఆండలుసైట్‌లో ఐదింటితో సరిపెట్టుకుంటుంది. కయనైట్‌లో దానికీ ఆరు. ఎక్కువ మందిని చుట్టూ కూర్చోబెట్టాలంటే సర్దుకుని ఒత్తుగా కూర్చోవాలి కదా, అందుకే మూడింట్లో కయనైట్ బరువైనది, 3.6. సిల్లిమనైట్ 3.24, ఆండలుసైట్ 3.15 దగ్గర. మన కాజీపేట తమ్ముడు గ్లాసులో తూచింది ఈ ఒత్తుదనాన్నే.

ఒత్తుగా కూర్చోబెట్టేది లోతు. ఎక్కువ ఒత్తిడిలో కయనైట్, ఎక్కువ వేడిలో సిల్లిమనైట్, ఒత్తిడి తక్కువున్న చోట ఆండలుసైట్ స్థిరంగా ఉంటాయి. సుమారు 500 డిగ్రీల వేడి, 4 కిలోబార్ల ఒత్తిడి దగ్గర మూడు హద్దులూ ఒక్క చోట కలుస్తాయి. 4 కిలోబార్లంటే నేల కింద పద్నాలుగు, పదిహేను కిలోమీటర్లు. రాయిలో ఈ మూడింట్లో ఏది దొరికితే, ఆ రాయి ఒకప్పుడు ఏ లోతుకు పోయి వచ్చిందో దాన్నిబట్టి అంచనా కడతాం. కెంపు, నీలం అట్లా కాదు, లోపలి నేత రెంటికీ ఒకటే, అద్దకమే వేరు. చీర రంగు మారినా నేత మారలేదు. ఇక్కడేమో అదే నూలుతో మూడు నేతలు.

డిగ్రీ_ఫస్టియర్ | ఆదివారం, రాత్రి 9:25
సర్, సిల్లిమనైట్ కూడా మన వైపు దొరుకుతుందా?

రాళ్లసారు | ఆదివారం, రాత్రి 9:40
తూర్పు కనుమల్లో కావలసినంత. సింహాచలం కొండ ఖొండలైట్ అనే శిల, అందులో గార్నెట్, సిల్లిమనైట్ ఉంటాయి. అవే కొట్టుకుపోయి సముద్రపు ఇసుకలో చేరాయి. కయనైట్ కావాలంటే ఖమ్మం వైపు పోవాలి. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట గార్నెట్లకు పేరు, ఆ శిలలో కయనైట్ కూడా ఉంది.

క్వారీ_తమ్ముడు | సోమవారం, ఉదయం 8:15
సారూ, కరీంనగర్‌లో మేము ఇన్నేళ్లుగా టాన్ బ్రౌన్ గ్రానైట్ కోస్తున్నాం. ఒక్కసారి కూడా నీలి గీత కనబడలేదు. మాకెందుకు దొరకదు?

రాళ్లసారు | సోమవారం, ఉదయం 10:30
కయనైట్‌కు మిగులు అల్యూమినియం కావాలి. గ్రానైట్ కరిగిన శిల చల్లబడితే వచ్చింది. అందులో అల్యూమినియాన్ని పొటాషియం, సోడియం, కాల్షియం ముందే పట్టుకుపోయి ఫెల్డ్‌స్పార్ చేసుకున్నాయి. మీ రాయికి ఆ గోధుమ రంగు వచ్చింది ఆ ఫెల్డ్‌స్పార్ వల్లే. ఇదే గ్రానైట్ ఎండకూ వానకూ కుళ్లి బంకమట్టి అయితే, పొటాషియం, సోడియం నీళ్లలో కొట్టుకుపోతాయి, అల్యూమినియం మట్టిలో మిగులుతుంది. ఆ మట్టి పొరలు పొరలుగా పేరుకుని, మళ్లీ లోతుకు దిగి ఉడికితే కయనైట్. అంటే మీ క్వారీ గుండునే ఎండావానకు వదిలేసి కొన్ని కోట్ల ఏళ్లు ఓపిక పట్టాలి.

భట్టీ_ఇంజినీర్ | సోమవారం, మధ్యాహ్నం 12:40
అందరూ ఉంగరం గురించే మాట్లాడుతున్నారు. కయనైట్‌కు నిజమైన గిరాకీ కొలిమిలో. ఉక్కు ఫర్నేసులకు, గాజు ఫర్నేసులకు లోపల వేసే ఇటుకల్లో దీన్ని కలుపుతాం. సుమారు 1,300 డిగ్రీలు దాటేసరికి కయనైట్ ముల్లైట్ అనే ఇంకో ఖనిజంగా మారుతుంది, కొంచెం సిలికా విడిపోతుంది. మారేటప్పుడు పదిహేను శాతానికి పైగా ఉబ్బుతుంది. రాళ్లసారు చెప్పిన ఒత్తు కూర్చోవడం వదులవుతుంది మరి. పచ్చి మట్టి కాలితే కుంచించుకుపోతుంది, ఇది ఉబ్బుతుంది. రెంటినీ సరిపాళ్లలో కలిపితే ఇటుక కొలత మారదు. స్పార్క్ ప్లగ్గుల తెల్ల పింగాణీలోనూ వాడారు. ఝార్ఖండ్‌లో లప్సాబురు గని కయనైట్‌కు ఒకప్పుడు ప్రపంచంలోనే పేరుండేది. కొలిమి సరుకును టన్నుల్లో కొంటారు, రత్తీల్లో కాదు 🙂

పాలంపేట_పొద్దు | సోమవారం, మధ్యాహ్నం 3:05
నాదో అనుమానం. నీలి రాళ్లన్నీ ఇనుము, టైటానియం వల్లే నీలంగా ఉంటాయా? టూరిస్టులు లాపిస్ లాకెట్లు వేసుకొస్తారు, అదీ ఇదేనా?

రాళ్లసారు | సోమవారం, సాయంత్రం 4:20
కాదు. లాపిస్, మన పాత పేరు రాజావర్తం, ఒక్క ఖనిజం కాదు, శిల. అందులో లాజురైట్ అనే నీలి సిలికేట్, తెల్లని కాల్సైట్, బంగారంలా మెరిసే పైరైట్ కలిసి ఉంటాయి. దాని నీలం గంధకం వల్ల, మూడేసి గంధకం పరమాణువుల గుంపులు లోపలి గదుల్లో చిక్కుకుని ఆ రంగునిస్తాయి. కయనైటూ సిలికేటే, లాజురైటూ సిలికేటే, రెండూ నీలమే, అయినా రంగుకు కారణం వేరు.

నవగ్రహ_భక్త | సోమవారం, సాయంత్రం 7:30
సైన్స్ అంతా బాగుంది. శని దోషం సంగతేంటి? కొందరు నీలం బదులు ఉపరత్నం పెట్టుకోవచ్చంటారు.

అవుసలి_బిడ్డ | సోమవారం, సాయంత్రం 7:48
ఉపరత్నం అనే చెప్పి, ఉపరత్నం ధరకే అమ్మితే నాకేం అభ్యంతరం లేదు.

కాజీపేట_జంక్షన్ | గురువారం, రాత్రి 10:10
ఆలస్యంగా వచ్చినందుకు ఏమనుకోవద్దు. మీరు రాసిందంతా ప్రింట్ తీసుకుని షాపుకు పోయాను. ముందు గట్టిగా మాట్లాడాడు. నీళ్ల గ్లాసు తెప్పించి, ఆయన కాంటా మీదే తూచి చూపించాను. 0.40. అప్పుడు బిల్లు తీసి చూడమన్నాడు. చూస్తే "నీలి రాయి, 1" అని ఉంది, నీలం అని లేదు! కొన్న రోజు నేను చదవనే లేదు. చివరికి సగం డబ్బు తిరిగి ఇస్తాననీ, రాయి నన్నే ఉంచుకోమనీ అన్నాడు. తీసుకున్నాను. మీలో కొందరు కన్స్యూమర్ ఫోరమ్‌కు పోవాల్సింది అంటారు, తెలుసు.

బాపుకు చెప్పక తప్పలేదు. ఆయన కోపం చేస్తాడనుకున్నా. "నేల కింద పదిహేను కిలోమీటర్లు పోయి వచ్చిన రాయా?" అని అడిగి, అదే పెట్టించు అన్నాడు.

నిన్న అవుసలాయన వెండి గోళ్లు వంచుతుంటే టక్‌మని పొడుగునా రెండుగా చీలింది. చాకుతో కోసినట్టు నున్నగా.

అవుసలి_బిడ్డ | గురువారం, రాత్రి 10:25
అయ్యో. ముందే చెప్పాల్సింది నేను. కయనైట్‌ను గోళ్లతో బిగించరు, చుట్టూ పట్టీ వేసి మెల్లగా ఒత్తాలి. నీలం అలవాటున్న చెయ్యికి ఆ ఒడుపు రాదు.

డిగ్రీ_ఫస్టియర్ | గురువారం, రాత్రి 10:31
అన్నా, ఒక ముక్క మా ల్యాబ్‌కు ఇస్తారా? మా దగ్గర కయనైట్ శాంపిల్ డబ్బా ఉంది గానీ లోపల చీటీ ఒక్కటే ఉంది.

కాజీపేట_జంక్షన్ | గురువారం, రాత్రి 10:44
బాపును అడిగాను. చిన్న ముక్క నీకిస్తాడంట, పెద్దది ఆయన దగ్గరే ఉంటదంట. ఆదివారం ములుగు బస్సు ఎక్కుతున్నాం ఇద్దరం, ఆ చలువ అద్దాలు కూడా తెమ్మన్నాడు.